కూపన్ల పప్పు

మా కోడలు శిరీష మొన్న ఆదివారం నాకు కూపన్లు వాడటం నేర్పింది. నల్లపాడు రోడ్డులో మా అపార్ట్‌మెంటు బాల్కనీలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఫోను నా చేతిలో పెట్టి, ముందు కావలసిన సరుకులన్నీ బుట్టలో వెయ్యండి అత్తయ్యా, డబ్బు మాత్రం కట్టకండి అని మొదలుపెట్టింది. కట్టకుండా రెండు రోజులు ఊరుకుంటే ఆ కంపెనీవాడికి మన మీద బెంగ పుడుతుందట, వాడే నూనె మీద ఇంత తగ్గిస్తాను రమ్మని కబురు పంపుతాడట. ఒక బ్యాంకు కార్డు మీద పప్పులు చవక, ఇంకో కార్డు మీద సబ్బులు చవక. వేలితో గీకితే లోపల ఏదో ఒకటి ఉంటుంది, చాలాసార్లు ఈసారికి అదృష్టం లేదని ఉంటుంది. పిల్ల ఓపిగ్గా చెబుతోంది, పాపం. ఇంటి ఖర్చులు, పిల్లాడి ఫీజులు నాకు తెలియనివి కావు, నాలుగు డబ్బులు మిగులుతాయనే దాని తాపత్రయం. నేను ఒకటో తరగతి పిల్లలా తలూపుతున్నాను. ఓసి పిచ్చిమొహమా, ఈ విద్యలో మా అమ్మ ఆరితేరి, దాని అంతు కూడా చూసి వదిలిపెట్టింది, నువ్వు నాకు చెప్పేదేమిటే అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. అంతలో శిరీష మొహం వెలిగిపోయింది, కందిపప్పు మీద కూపన్ వచ్చిందండీ అని ఫోను నా కళ్ల ముందు పెట్టింది. నేను కుర్చీలోంచి లేచి లోపలికొచ్చేశాను. బీపీ అనుకుని మాత్ర తెచ్చిచ్చింది. వేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను. అప్పట్నుంచీ మా చావిడి, మా నాయనమ్మ, మా చుక్క కళ్ల ముందు నుంచి కదలడం లేదు. రాసేస్తే కదులుతాయేమోనని కూర్చున్నాను.

మాది పర్చూరు వైపు పల్లె. అంతా నల్లరేగడి. వాన పడితే చెప్పు దిగబడి ఊడిరాదు, ఎండ కాస్తే నెర్రెల్లో కాలు ఇరుక్కుంటుంది. రెండు గదుల పెంకుటిల్లు, ముందు వసారా, పక్కన చావిడి, చావిడిలో ఒకే ఒక్క గేదె. నుదుటి మీద అరచేయంత తెల్లమచ్చ ఉండేది కాబట్టి దాని పేరు చుక్క. అమ్మ తెల్లారకముందే లేచి, పేడ తీసి, కళ్లాపి చల్లి, పాలు పితికి, పాలకేంద్రానికి పోసే పాలు క్యానులో పోసి పంపేది. ఇంటికి ఉంచుకున్న కాసిని పాలూ పిడకల దాలి మీద మధ్యాహ్నం దాకా ఎర్రగా కాగేవి. ఆ కాగిన పాల వాసన, వసారాలో ఆరబోసిన మిరపకాయల ఘాటు, చావిడి వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. పత్తి పూతకొచ్చిందంటే నాలుగో వాసన వచ్చి చేరేది, పురుగుమందుది. నాన్న చొక్కాలో, తలగుడ్డలో, ఆయన పడుకున్న నులకమంచంలో అదే. కొన్నాళ్లకి ఆ వాసన మాకు తెలియడం మానేసింది. ఊళ్లోకి కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకుంటే ఎందుకు మూసుకుంటున్నారో అనుకునేవాళ్లం.

చావిడికి అసలు యజమాని మా నాయనమ్మ, నాన్న తల్లి. కళ్లకి పొరలు కమ్మి మనిషిని గొంతుతోనే పోల్చుకునేది. నశ్యం పీల్చీ పీల్చీ ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది. అయినా కుడితి గోలెం మాత్రం ఇంకొకరికి అప్పగించేది కాదు. బియ్యం కడిగిన నీళ్లని కడుగు అంటాం. ఆ కడుగు, గంజి, కూరగాయల తొక్కలు, తవుడు, నిన్నటి పులిసిన అన్నం, అన్నీ గోలెంలోకే చేరాలి. కడుగు తూములో పారబోసిన కొంప బాగుపడదని ఆవిడ నమ్మకం. నోరులేని జీవం నోటికాడి కూడు పారబోస్తావంటే అని, చిన్నపిల్లనని కూడా చూడకుండా నన్ను తిట్టిపోసేది. ఇంట్లో ఏ గిన్నెలో కడుగు చేతికి తగిలినా తడుముకుంటూ మోసుకెళ్లి గోలెంలో పోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపి, చుక్క తాగే చప్పుడు వింటూ పక్కనే నిలబడేది. ఆవిడకి మిగిలిన సుఖం అదొక్కటే అనుకుంటాను. మజ్జిగ చిక్కగా ఉందని ఎవరైనా అంటే నా కుడితి చలవేగా అని మురిసిపోయేది.

వరసగా రెండేళ్లు పత్తి దెబ్బతీసింది. ఒక ఏడు తెల్లదోమ, మరుసటి ఏడు పచ్చపురుగు. కాయలో దూరి కూర్చున్న పురుగుకి ఏ మందు కొట్టినా చావు లేదు, చచ్చేది మనమే అని నవ్వేవాడు నాన్న. మూడో ఏడు విత్తనం పెట్టాక ఆ నవ్వు కూడా మానేశాడు. ఒక రోజు పేట సంత నుంచి బేరగాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. వాడు చావిడిలోకి వెళ్లి చుక్క పళ్లు చూస్తుంటే నాయనమ్మ ఎవర్రా అది, ఎవర్రా అని కేకలేసింది. మందులకి డబ్బు కావాలి, ఇంకెక్కడా పుట్టడం లేదు, గేదెని అమ్మేస్తున్నానన్నాడు నాన్న. అమ్మ ఆయన మాటకి ఎన్నడూ అడ్డురాని మనిషి. ఆ రోజు చావిడి గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "పత్తి దేవుడి దయ. పాలు మాత్రం రోజూ పొద్దున్నే వస్తున్నాయి. సరుకులకని మిమ్మల్ని పైసా అడగను, ఉగాది దాకా ఇల్లు నేను నడుపుతా. చుక్క జోలికి మాత్రం రాబాకండి" అంది. ఎట్లా నడుపుతావని నాన్న అడిగితే ఎట్లాగో నడుపుతానంది. అప్పటికి ఎట్లాగో ఆవిడకే తెలియదు. బేరగాడు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచీ మా వంటింట్లో మిగిలే ప్రతి ఉప్పుగల్లూ ఆ గేదె కోసమే మిగిలేది.

దారి చూపించింది సత్యవతి పిన్ని. అమ్మ చెల్లెలు. వేటపాలెంలో ఉండేది, వాళ్లాయన జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమాస్తా. వచ్చినప్పుడల్లా విరిగిన జీడిబద్దల పొట్లం తెచ్చేది, దానికి తోడు బోలెడు పట్నం తెలివి తెచ్చేది. అమ్మ టీపొడి ప్యాకెట్టు చించి పొయ్యిలో పడేస్తుంటే లబోదిబోమని చెయ్యి పట్టుకుంది. పిచ్చి అక్కా, నువ్వు తగలేసింది కాగితం కాదు, గ్లాసు అంది. అప్పట్లో టీపొడి ప్యాకెట్ల మీద, బట్టల సబ్బుల మీద, పళ్లపొడి డబ్బాల మీద ఏదో ఒక మూల కూపన్ ఉండేది. ఇన్ని తెస్తే స్టీలు గ్లాసు, ఇన్ని తెస్తే ఇంకో సబ్బు. పిన్ని ఆ రెండు రోజులూ అమ్మని కూర్చోబెట్టి, ఇవాళ శిరీష నాకు చెప్పినట్టే చెప్పింది. ప్యాకెట్టు పంటితో చించకూడదు, అతుకు దగ్గర బ్లేడుతో విప్పాలి. పెద్ద ప్యాకెట్టు ఒకటి కొనకూడదు, చిన్నవి రెండు కొంటే కూపన్లు రెండొస్తాయి. ఇరుగుపొరుగుతో మాట కలపాలి, వాళ్లకి అక్కర్లేని సబ్బు కాగితాలు మనం తెచ్చుకుని, మనకి అక్కర్లేనివి వాళ్లకివ్వాలి. కూపన్ ఉంది కదా అని అవసరం లేనిది మాత్రం కొనకూడదు, కొన్నావంటే వాడు నిన్ను కొన్నట్టే. ఈ చివరి మాట పిన్ని ప్రతిసారీ చెప్పేది, ఆవిడ ఇంట్లో అటక నిండా అవసరం లేని గ్లాసులు ఉండేవి, అది వేరే సంగతి.

అమ్మకి ఆ విద్య చేపపిల్లకి ఈతలా అబ్బింది. గూట్లో ఒక గాజుసీసా పెట్టి కూపన్లు అందులో దాచేది. కొట్టు కోటయ్య మా ఊరి కిరాణా వ్యాపారి, కూపన్లు ఇస్తే సరుకు రాలేదని, కంపెనీవాడు పంపలేదని తిప్పేవాడు. ఆ చెంచాలూ గ్లాసులూ వాళ్లింట్లో పెళ్లికి పెట్టుబడులయ్యాయని ఊరంతా అనుకునేది. ఒక రోజు అమ్మ పొద్దున్నే పాలకేంద్రం దగ్గర జనం మసిలే వేళ చూసుకుని కొట్టుకెళ్లింది. అరవలేదు, తిట్టలేదు. కూపన్లు తూకం రాయి పక్కన వరసగా పేర్చి, కోటయ్యన్నా, నాకు రావలసినవి ఇచ్చేదాకా ఇక్కడే కూర్చుంటానని అరుగు మీద కూర్చుంది. బేరాలన్నీ ఆగిపోయాయి. కోటయ్య మొహం కందగడ్డలా చేసుకుని లోపల్నుంచి సబ్బులు తెచ్చిచ్చాడు. ఆ తర్వాత అమ్మకి ఊళ్లో ఆడవాళ్లలో కాస్త పేరొచ్చింది. మేము పిల్లలం టీకొట్టు వెనక పారేసిన ప్యాకెట్లు ఏరుకొచ్చేవాళ్లం. రైతు కుటుంబంలో పుట్టి చెత్త ఏరడమేమిటని నాకు బడిలో తలవంపులుగా ఉండేది. నాయనమ్మ అయితే చెత్తకుప్ప సంసారం అని సణిగేది, సణుగుతూనే కూపన్ సబ్బుతో ఒళ్లు రుద్దుకునేది. ఇప్పుడు తలుచుకుంటే మా ఇంట్లో అవే చివరి నవ్వులు.

సబ్బులతో, గ్లాసులతో కడుపు నిండదు. అసలు ఖర్చు పప్పుది, నూనెది. ఆ శీతాకాలం నాన్న పట్నంలో పురుగుమందుల కొట్టు నుంచి వస్తూ ఒక వింత మాట తెచ్చాడు. మందు కంపెనీవాళ్లు రైతుల కోసమని స్కీము పెట్టారట, సీసాల మీది లేబుళ్లు చిరక్కుండా తెచ్చి ఇస్తే కందిపప్పు, నూనె ప్యాకెట్లు ఇస్తారట. చంపే మందుతో పాటు తినే పప్పు, బాగుందా అన్నాడు. నాన్న ఎగతాళిగా అన్నాడు. అమ్మ ఎగతాళిగా వినలేదు. చెయ్యి కడుక్కుంటున్నదల్లా ఆగి, మూతలు పనికిరావా, లేబులే కావాలా, ఎన్నాళ్లు ఉంటుంది అని అడిగింది. మర్నాడు పొద్దున్నే గంప తీసుకుని మా చేను గట్ల వెంట బయల్దేరింది. మందు కొట్టి పారేసిన సీసాలు గట్ల మీద, కాలవల్లో, తుమ్మచెట్ల కింద ఎక్కడ పడితే అక్కడ ఉండేవి. మా చేనే కాదు, పక్క చేలు కూడా. కొందరు ఆడవాళ్లు తమ సీసాలు అమ్మకి ఇచ్చి, వచ్చిన పప్పులో వాటా తీసుకునేవాళ్లు.

లేబులు ఊడటం అంత తేలిక కాదు. గోటితో లాగితే చిరుగుతుంది, చిరిగితే కొట్టువాడు తీసుకోడు. చన్నీళ్లలో నానదు, సబ్బునీళ్లలో రంగు పోతుంది. అమ్మ అన్నీ చూసి చూసి చివరికి గోరువెచ్చటి కడుగులో వేసి చూసింది. బియ్యం కడిగిన నీళ్లలో ఒక పూట నానితే ఆ జిగురు మెత్తబడి లేబులు అరటాకు పొరలా చక్కగా ఊడొచ్చేది. దానికని ఒక పాత సత్తు బేసిను కేటాయించింది. పెరట్లో బట్టలుతికే బండ పక్కన, చావిడికి దూరంగా నానబెట్టేది. మమ్మల్ని ఆ ఛాయలకి రానిచ్చేది కాదు. సీసాలు తీసి గుంటలో పడేసి, ఆ నీళ్లు కూడా గుంటలోనే పారబోసి, చేతులు బూడిదతో తోముకుని గానీ వంటింట్లోకి వచ్చేది కాదు. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా అమ్మ అజాగ్రత్త మనిషి కాదు. తర్వాత ఊళ్లో రకరకాలుగా అన్నారు, నా చెవులతో విన్నాను, అందుకని రాస్తున్నాను. ఊడొచ్చిన లేబుళ్లని దండెం మీద బట్టల క్లిప్పులతో ఆరేసేది. వాటి మీద విషానికి గుర్తుగా వేసే ఎర్ర త్రికోణం బొమ్మలు దండెం పొడుగునా గాలికి ఊగుతుండేవి.

పప్పు వచ్చింది. నూనె వచ్చింది. అమ్మ మాట నిలబెట్టుకుంది, నాన్నని సరుకులకి పైసా అడగలేదు. కానీ ఆ పప్పు ఊరికే రాలేదని నాకు ఇంత వయసొచ్చాక అర్థమవుతుంది. ఆ ఏడు మందుకి తగ్గని పురుగుకి నాన్న మందు మీద మందు కలిపి కొట్టాడు. కొట్టిన కొద్దీ సీసాలు, సీసాలున్న కొద్దీ పప్పు. ఆ కంపెనీవాడు మన దగ్గర బస్తా తీసుకుని చారెడు వెనక్కి ఇస్తే, ఆ చారెడు చూసి మనం సంబరపడ్డాం. ఆ చలికాలంలోనే ఎదురింటి వెంకట్రావు బాబాయి చేలో మందు తాగాడు. చేనికి కొట్టాల్సిన మందే, ఆ సీసాయే. మంచం మీద మోసుకొచ్చారు. ఆయన భార్య చిన్నమ్మ ఏడుపు మా వసారాలోకి వినిపిస్తుంటే నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఊళ్లో ఆడవాళ్లందరికీ ఒకటే భయం. మగవాడు చేలోంచి రావడం ఆలస్యమైతే ఎవరో ఒకరు గట్టు వెంట పరిగెత్తేవాళ్లు. నాన్న సాయంత్రాలు గట్టు మీద ఒంటరిగా కూర్చోవడం మొదలుపెట్టాడు. అమ్మ ఏదో ఒక వంక పెట్టి, గడ్డి కోయాలనో కందికాయలు తెంపాలనో వెళ్లి, ఆయన కనిపించే దూరంలో పని చేసుకుంటూ ఉండేది.

ఆ రోజు కూడా అదే జరిగింది. పొద్దున అమ్మ సీసాలు తీసి గుంటలో పడేసి, లేబుళ్లు దండెం మీద వేసింది, బేసినులో నీళ్లు పారబోయడమే మిగిలింది. అంతలో పక్క చేను పాలేరు వచ్చి, అయ్య మందు పంపు పగలగొట్టి గట్టు మీద కూలబడ్డాడమ్మా, పిలిస్తే పలకడం లేదని చెప్పాడు. అమ్మ చేతిలో పని అక్కడే వదిలేసి పరిగెత్తింది. ఇంట్లో ఉన్నది నాయనమ్మ ఒక్కతే. నేను బడి నుంచి వచ్చేసరికి చావిడి నిండా జనం, అమ్మా నాన్నా కూడా చేలోంచి వచ్చేసి ఉన్నారు. చుక్క పక్కకి పడిపోయి కాళ్లు కొట్టుకుంటోంది. నోట్లోంచి నురగ. ఒళ్లంతా చర్మం కింద ఏదో పాకుతున్నట్టు అదురుతోంది. దూడని అవతల కట్టేస్తే అది గొంతు పోయేలా అరుస్తోంది. పక్కూరి నుంచి పశువుల కాంపౌండరు సైకిలు మీద వచ్చి సూది వేశాడు. ఆలస్యమైందన్నాడు. కుడితిలో మందు కలిసింది, వాసన తెలియడం లేదా అని మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయాడు. పొద్దు గూకే వేళకి చుక్క కాళ్లు కొట్టుకోవడం ఆపేసింది.

నాన్న గోలెం వైపు చూశాడు. ఎవరు పోశారని అడిగాడు, అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అమ్మ బండ పక్కన ఖాళీ బేసిను వైపు ఒకసారి, చావిడి గుంజ పట్టుకుని నిలబడ్డ నాయనమ్మ వైపు ఒకసారి చూసింది. "నేనే. కడుగనుకుని చూసుకోకుండా పోశాను" అంది. నాన్న చెయ్యెత్తాడు. జనం ఉన్నారని ఆగాడో, ఎందుకు ఆగాడో, దించేశాడు. నీ కూపన్ల సంసారం తగలబడ అని గూట్లోని గాజుసీసా తెచ్చి పేడకుప్ప మీద పగలగొట్టాడు. అమ్మ అదేమీ పట్టించుకోకుండా నాయనమ్మని నూతి దగ్గరికి తీసుకెళ్లి, రెండు చేతులూ మోచేతుల దాకా సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది, బట్టలు మార్పించింది. ఇంత జరుగుతుంటే ఈ స్నానాలేమిటని నాకు కోపమొచ్చింది. ఆ రాత్రి నాయనమ్మకి వాంతులయ్యాయి. గేదె మీద దిగులనుకున్నాం. చుక్కని చేను చివర గొయ్యి తీసి పాతిపెట్టారు, విషం తిన్న పశువు కాబట్టి తోలు కూడా ఎవరికీ ఇవ్వలేదు.

తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పాల క్యాను బోర్లించి పెట్టారు. దాలి చల్లారిపోయింది. పాలు లేని టీ, మజ్జిగ లేని అన్నం. దూడని నాన్న ఎవరికో తోలేశాడు. గోలెం ఖాళీగా ఉన్నా నాయనమ్మ పొద్దున్నే లేచి దాని దగ్గరికెళ్లి కూర్చునేది. నాన్న అమ్మతో మాటలు మానేశాడు. ఏదైనా కావాలంటే నాతో చెప్పించేవాడు. చేతకాని ఆడదాన్ని నమ్ముకున్నందుకు ఇట్లా అయిందని ఊరి రచ్చబండ మీద అన్నాడని విన్నాం. ఇవాళ మా ఇంట్లో పాలు ప్యాకెట్లో వస్తాయి, కడుగు సింకులో పోతుంది, పప్పు ఏ చేలోంచి వచ్చిందో, దాని మీద ఏం కొట్టారో నాకూ తెలియదు, శిరీషకీ తెలియదు. సుఖంగానే ఉన్నాం, కాదనను. ఆ రోజులు గొప్పవని రాయడం నా వల్ల కాదు. చిక్కటి మజ్జిగ తాగాం కదా అని ఎవరైనా నా దగ్గర పాతకాలం పాట ఎత్తుకుంటే లేచి వెళ్లిపోతాను. అప్పుడూ కంపెనీవాడు పప్పు ఎర వేసి సరుకు అమ్ముకున్నాడు, ఇప్పుడూ అంతే. కాకపోతే అప్పటి సరుకు మనుషుల్ని చంపేది.

దండెం మీద లేబుళ్లు ఇంకా ఊగుతూనే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. ఒక పొద్దున అమ్మ వాటిని ఒక్కొక్కటే తీసి, చదును చేసి, సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. నాకు ఒళ్లు మండిపోయింది. వాటినింకా ముట్టుకుంటావా అని అడిగితే, మరి రేపేం వండను అంది. మధ్యాహ్నానికి పప్పు, నూనె తెచ్చింది. ఆ సాయంత్రం పొయ్యి మీద కందిపప్పు ఉడుకుతుంటే ఇల్లంతా కమ్మటి వాసన. అన్ని రోజుల చింతపండు నీళ్ల తర్వాత నోట్లో నీళ్లూరినందుకు నా మీద నాకే అసహ్యమేసింది. నాన్న కంచం ముందు కూర్చున్నాడు. అమ్మ పప్పు వడ్డించబోతే కంచం పక్కకి నెట్టి, గేదెని చంపిన పప్పు నాకొద్దని చెప్పవే అన్నాడు నాతో. అప్పుడు మూల కూర్చున్న నాయనమ్మ నోరు విప్పింది. "ఒరేయ్, కోడల్ని అనబాకరా. ఆ నీళ్లు పోసింది నేను. కడుగనుకున్నా. నా ఈ చేత్తోనే కలిపి తాగించా" అంది. చెయ్యి గాల్లోకి చాపి చూపించింది. అమ్మ ఆ సాయంత్రం ఆవిడ చేతులు ఎందుకంతగా రుద్దిందో, ఆ వాంతులేమిటో నాకు అప్పుడు తెలిసింది.

నాన్న నమ్మలేదు. తల్లి వైపు తిరిగి, "నువ్వెందుకమ్మా దాన్ని వెనకేసుకొస్తావు? అది చేసిన పని నీ నెత్తిన వేసుకోవడం దేనికి?" అన్నాడు. నేనేరా, ఒట్టు, నా కళ్ల మీద ఒట్టు అంటూ నాయనమ్మ ఏడ్చింది. ఆయన లేచి, చెయ్యి కడుక్కుని, వసారాలోకి వెళ్లి మంచం వాల్చుకున్నాడు. అమ్మ ఆయన నెట్టేసిన కంచం తీసి పక్కన పెట్టింది. ఆవిడే కదా చెబుతోంది, ఇప్పటికైనా నిజమని చెప్పచ్చు కదా అని నాకు అరవాలనిపించింది.

నాయనమ్మ పాక్కుంటూ పొయ్యి దగ్గరికొచ్చి అమ్మ మోకాలు పట్టుకుంది. వాడు నమ్మడం లేదే అమ్మాయ్, నువ్వన్నా చెప్పవే, నేనెక్కడ మొయ్యను ఈ పాపం అంది. అమ్మ పొయ్యిలో పుల్ల వెనక్కి లాగింది. వసారా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నమ్మకపోతేనే మంచిది అత్తయ్యా. పెళ్లాం మీద కోపం పెట్టుకుని మొగాడు ఎన్నాళ్లయినా బతుకుతాడు. కన్నతల్లి చేతుల మీదుగా ఇల్లు మునిగిందంటే ఎవర్ని తిట్టుకుని బతుకుతాడు? చేలో పాకలో ఇంకా నిండు సీసాలున్నాయి" అంది. నాయనమ్మ ఏడుపు ఆపేసింది. అమ్మ ఆవిడ కంచంలో అన్నం పెట్టి, పప్పు వేసి కలిపి, ముద్ద చేసి చేతికిచ్చింది. ఆవిడ తింది. నేనూ తిన్నాను. నాన్న ఆ ఏడు గట్టెక్కాడు, ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు, అమ్మ మీద ఆ కోపం చివరిదాకా అట్లాగే పెట్టుకుని.